చోక్ పిడికి వేలాడిన సంచి

కోంటలో మెకానిక్ పొజ్జా ఏ బండి దగ్గరికైనా చెప్పులు విడిచే వస్తాడు. ఇంజన్ వణుకు అరికాళ్లకే ముందు తెలుస్తుందట. మా పాత అంబాసిడర్ దగ్గరా అలాగే నిలబడ్డాడు. మా ఆయన దాని ఇంజన్ బోరు చేయించి, వారం తిరక్కుండానే పోయారు. బోరు చేయించిన ఇంజనైనా లీటరుకు ఆరు కిలోమీటర్లే ఇస్తోంది. ఇక అమ్మేద్దామని మరిది పట్టుబట్టాడు. పొజ్జా ప్లగ్గు విప్పి, మసిని బొటనవేలితో తుడిచాడు.

"ఇంజన్ బరాబర్ ఉందక్కా. ఏందో దీనికి ఊకె పెట్రోల్ తాపిస్తాంది."

లోపలికి వంగి ఆగిపోయాడు. చోక్ పిడికి మా ఆయన వక్కల సంచి వేలాడుతోంది. ఆ బరువుకు పిడి కాస్త బయటికి జారింది. పిడి బయటికి ఉన్నంతసేపూ ఇంజన్ పెట్రోల్ ఎక్కువ లాగుతుంది. ఆయన తగిలించిన సంచిని ఆయన పోయాక ఎవరం ముట్టలేదు. పొజ్జా కూడా ముట్టలేదు.

"దాదాదేనా?"

మా ఆయన్ని అతను దాదా అనేవాడు. తల ఊపాను. షెడ్డులోంచి చిన్న కొక్కెం తెచ్చి పిడి పక్కనే బిగించాడు.

"ఇగ నువ్వే మార్చక్కా."

సంచిని కొక్కేనికి మార్చాను. చోక్ లోపలికి నొక్కి, లీటరు పెట్రోలున్న సీసాను ఇంజన్‌కు కట్టి మరైగూడ దారిన నడిపాడు. పన్నెండు కిలోమీటర్లకు సీసా ఖాళీ అయి బండి ఆగింది. దిగి, వట్టికాళ్లతో రోడ్డు మీద నిలబడి నవ్వాడు.

"మీ మరిదికి చెప్పక్కా, దాదా బండి యాడికీ పోదని."