నానమ్మకు తగిన మాట

చిక్కడపల్లి మార్కెట్లో లేత వంకాయలు కనబడితే ఇప్పటికీ నా చూపు పక్కనున్న దోసకాయల మీదికి పోతుంది. అది నానమ్మ నేర్పిన విద్య. కావలసిన వంకాయల వైపు ఆమె చూసేదే కాదు. దోసకాయలకు వంకలు పెట్టి కదిలిపోతుంటే, అమ్మేవాడే వెనక్కి పిలిచి వంకాయలు తక్కువకిచ్చేవాడు.

నాలుగో తరగతిలో ఇంట్లో ఒకరి గురించి ఇంగ్లీషులో రాయమన్నారు. నా డిక్షనరీలో 'క్లెవర్'కూ 'కనింగ్'కూ తెలివైన అనే ఉంది. రెండోది గొప్పగా వినిపించి, మా నానమ్మ కనింగ్ అని రాసి, క్లాసులో గట్టిగా చదివాను.

టీచర్ నవ్వారు. "క్లెవర్ అనాలమ్మా. కనింగ్ అంటే జిత్తులమారి."

నారాయణగూడలోని బడి నుంచి ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. సంగతంతా విని నానమ్మ కొంగుతో నా కళ్లు తుడిచింది.

"తెలివి అందరికుంటది బిడ్డా. నువ్వు రాసిందే కరెక్టు. నేను వంకాయలెట్ల కొంటనో మీ టీచర్‌కు చెప్పకపోయినవా?"

ఇప్పుడు అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. మెచ్చుకోవాల్సిన చోట కనింగ్ అని రాస్తే కొట్టేసి, క్లెవర్ అని దిద్దుతాను. కనింగ్‌కు ఉదాహరణ అడిగితే మాత్రం, తలెత్తుకుని, మా నానమ్మ గురించే చెబుతాను.