చప్పట్లు ఆగితే ఆగాలి

నా చిన్నప్పుడు శేరిలింగంపల్లిలో మేము కిరాయికున్న ఇంటి పక్కన ఒక అక్క ఉండేది. సెలవుల్లో నా కళ్ళకు తువ్వాలు కట్టి వాకిలంతా నడిపించేది. ఆమె చప్పట్లు వినిపిస్తున్నంతసేపు నడవాలి, అవి ఆగితే ఉన్నచోటే నిలబడాలి. అదే ఆట. ఒకరోజు చప్పట్లు ఆగినా, దారి నాకు తెలుసు కదా అని నేను ఆగలేదు. కాళ్ళకింద మెత్తగా తగిలితే తువ్వాలు తీశాను. వాళ్ళమ్మ పొద్దున పెట్టిన వడియాల నడుమ ఉన్నాను.

"సప్పుడు ఆగిందంటే ముందట ఏదో ఉన్నట్టు. లేకుంటే నాకే ఏమన్న అయినట్టు. నీకేమెరుక? ఆగాలె గదరా!" అంది అక్క. అంతలోనే నవ్వింది. వాళ్ళమ్మ వస్తే మాత్రం "నేనే తొక్కిన" అని తిట్లు తనే తిన్నది.

ఇప్పుడు నేను రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మొన్న మా అమ్మాయి బడి పిల్లలు పోటీకి రోబో చేస్తుంటే సాయానికి వెళ్ళాను. రిమోట్ సిగ్నల్ తెగితే మోటార్లు ఆగిపోయేలా పిల్లలే ప్రోగ్రాం రాసుకున్నారు. సాధనలో అది మాటిమాటికీ ఆగుతుంటే ఓడిపోతారని ఆ భాగం నేనే తీసేయించాను. సిగ్నల్ లేకపోయినా చివరగా చెప్పిన పనే చేస్తూ పోయేలా మార్పించాను.

పోటీ బాచుపల్లిలో. హాలు నిండా ఫోన్లు. సిగ్నల్ తెగింది. రోబో ఇనుప చేయి ఊపుకుంటూ గీత దాటి, బంతులు ఏరుతున్న ఒక పిల్లవాడి మీదికి పోయింది. మా జట్టులో అందరికన్నా చిన్నమ్మాయి ఉరికి వెళ్ళి దాని మీద ఉన్న, మొత్తం ఆపేసే ఎర్ర బటన్ నొక్కింది. పిల్లవాడికి ఏమీ కాలేదు. బటన్ నొక్కితే ఆట ముగిసినట్టే కాబట్టి మేం ఓడిపోయాం.

"ఆగమాగం చేసినవ్! గెలుస్తుంటిమి గదనే" అని జట్టంతా ఆమెమీద పడింది. పక్కనే ఉన్న నేను వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాను.

కారులో మా అమ్మాయి మెల్లగా అడిగింది. "నాన్నా, అది తీసేయమన్నది నువ్వే కదా?"

అక్క నా తప్పును తనంతట తానే తన మీద వేసుకుంది. నేను నా తప్పును ఒక పసిపిల్ల మీద వదిలేసి వచ్చాను. మర్నాడు బడికి వెళ్ళి జట్టు పిల్లలందరి ముందూ జరిగింది చెప్పి, ఆ చిన్నమ్మాయికి క్షమాపణ చెప్పాను.

"నాకు తెలుసు అంకుల్. మీరు పెద్దోళ్ళు, ఏమంటరో అని చెప్పలే" అంది.

ఆ ఓటమి ఆమె వల్లే అని బడిలో ఇంకా అనుకునేవాళ్ళున్నారు. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. పాత ప్రోగ్రాం మళ్ళీ పెట్టాం. సిగ్నల్ తెగినప్పుడల్లా రోబో నడిమధ్యలో నిలిచిపోతుంది, పిల్లలు ఉసూరుమంటారు. అది కదలకుండా ఉన్న ఆ కాసేపూ నా ప్రాణం మాత్రం కుదుటపడుతుంది.