లాంపు రూము యేసయ్య ఆట

ఆట అమ్ముకుని బాగుపడ్డారు, సుగుణమణక్కకేం తక్కువ అని మా కాలనీలో అందరూ అంటున్నారు. అనరూ మరి! ఎన్ని ఊళ్ల దుకాణాల్లో మా అట్టపెట్టెలున్నాయో నాకే తెలియదు. ముందు గదిలో పెట్టెలు, మంచం కింద పెట్టెలు, ప్రార్థనకని మోకరిస్తే మోకాళ్ల కింద అట్టముక్కలు. తినగా తినగా గారెలు చేదంటారు. నాకిప్పుడు గమ్ము వాసన తగిలితేనే తలనొప్పి లేస్తోంది.

మా ఆయన యేసయ్య గోదావరిఖనిలో ఒక గని లాంపు రూములో ముప్పై మూడేళ్లు పనిచేశాడు. దిగేవాళ్లకు టోపీ లాంపు ఇవ్వడం, పైకొచ్చినవాళ్ల దగ్గర తిరిగి తీసుకోవడం, ఇంతే డ్యూటీ. బొగ్గు తవ్వినవాడు కాదు. అయినా తవ్వినవాళ్లకంటే ఆలస్యంగా ఇల్లు చేరేవాడు. అందరి లాంపులూ వచ్చాయని చూసుకుంటేగానీ కదిలేవాడు కాదు. చల్లారిన అన్నం ముందు కూర్చుని నేను ఎన్ని తిట్టుకున్నానో ఆ దేవుడికే ఎరుక. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఒకరోజు మొదటి షిఫ్టు అయిపోయాక ఒక లాంపు తక్కువొచ్చింది. అది బొగ్గు తవ్వే రాయమల్లుది. తాగి లాంపుతోనే ఇంటికి పోయుంటాడులే, అందరూ వచ్చినట్టే రాసెయ్యమని పై అధికారులు అన్నారట. ఈయన రాయనన్నాడు. నలుగురూ చుట్టూ చేరి తిట్టినా రాయలేదు. చివరికి మనుషులు మళ్లీ దిగి వెతికితే, కూలిన కప్పు వెనకాల కాలు విరిగి పడి ఉన్నాడు రాయమల్లు, ప్రాణంతో. ఆ సాయంత్రం మాత్రం అన్నం చల్లారిందని నేను నోరెత్తలేదు.

రిటైరయ్యాక మా ఆయనా రాయమల్లూ పొద్దుపోక చర్చి క్యాలెండరు వెనక గీసుకున్న ఆట ఇది. నలుగురు ఆడాలి. గవ్వలు వేసి గనిలోకి దిగాలి, బొగ్గు పట్టుకుని పైకి రావాలి. దారిలో నీళ్లు, కప్పు కూలడం, గాలి ఆడకపోవడం, అన్నీ ఉంటాయి. ఒకరు ఇరుక్కుంటే మిగతావాళ్లు తమ వంతులు వదులుకుని విడిపించాలి. నలుగురూ పైకొస్తేనే ఆట అయిపోయినట్టు. ఒక్కరే గెలవడమన్నది లేదు. మా బిడ్డ గ్లోరియా ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆ గీతలకు రంగులేసి తన క్లాసు పిల్లల చేత ఆడించింది. వాళ్లు గంట కొట్టినా లేవలేదు. ఆ ధైర్యంతో ఉద్యోగం మానేసి అచ్చు వేయించింది.

లక్ష్మీనగర్‌లో బొమ్మల దుకాణం నడిపే రాంప్రసాద్ ఊరూరా అమ్మిపెడతానని ఆ పెట్టెలు తీసుకున్నాడు. గోదావరిఖనివాళ్లు కొన్నారు, శ్రీరాంపూర్, కొత్తగూడెం వాళ్లు కొన్నారు. గని ముఖం చూడని ఊళ్లలో మాత్రం ఒక్కటీ అమ్ముడుపోలేదు. పంపినవి పంపినట్టే తిరిగొచ్చాయి. అప్పుడొచ్చాడు రాంప్రసాద్ మా ఇంటికి. వాళ్లది కోస్తా వైపు, మాట మెత్తన.

"యేసయ్యగారూ, గెలుపు లేని ఆట ఎవరు కొంటారండీ? ముందు పైకొచ్చినవాడే గెలిచినట్టని ఒక్క ముక్క మార్చండి. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు.

ఈయన కుదరదన్నాడు. మర్నాడూ అదే మాట. గ్లోరియా లేచి వెళ్లి, గుమ్మంలో కూర్చుని పాత స్కూలుకు ఫోన్ చేసింది, మళ్లీ తీసుకుంటారేమోనని. ఖాళీ లేదన్నారు. దాని మొహం చూసి మా ఆయన మీదికి లేచాను.

"లాంపు రూము ఎప్పుడో ఇడిసిపెట్టినవ్. గిది అట్టముక్క. దీంట్ల ఎవ్వలు సస్తరు? బిడ్డ బతుకు జూడు" అన్నాను.

వారం రోజులు అదే పాట పాడాను. ఆయన తిండి తగ్గించాడు, నేను పాట తగ్గించలేదు. చివరికి, సరే మార్చుకోమను అన్నాడు. రాయమల్లుకు మాత్రం చెప్పవద్దన్నాడు.

ఆ ఒక్క ముక్కతో ఆట పరుగందుకుంది. గ్లోరియా ఇద్దరు ఆడవాళ్లను పనిలో పెట్టుకుంది. ఈయన పెట్టెల్లో అన్నీ ఉన్నాయో లేవో చూసి మూతలు పెడతాడు. పెడతాడు అంతే, ఆడడు. రాయమల్లు ఆడదామని వస్తే నడుం నొప్పి అంటాడు. మనిషి అరిగిపోయినట్టు కనిపిస్తున్నాడు, నేనూ అంతే.

మొన్న సోమవారం రాయమల్లు కుంటుకుంటూ వచ్చి, మనవరాలికని ఒక పెట్టె అడిగాడు. మూత వెనక అచ్చువేసిన ఆట పద్ధతి వేలు పెట్టి చదివాడు. టీ పెడతానని లేచాను. రాయమల్లు మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ముందు పైకొచ్చినోడే గెలిచినట్టా? గట్లయితే నేను ఆ గనిలనే సచ్చిపోతుంటి గదా, యేసన్నా" అన్నాడు.

కోపంగా కూడా అనలేదు. మూత సరిగ్గా పెట్టి, పెట్టె ఇక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

 ఇదంతా చేయించింది నేనే కదా. పాత పద్ధతే మళ్లీ అచ్చు వేయిద్దాం, అమ్ముడుపోతే పోయాయి, లేకుంటే లేదు అన్నాను. ఒట్టు, మనసారా అన్నాను. మా ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ దినం అంతమంది తిడితే లొంగలె, సుగుణా. ఇంట్ల నువ్వొక్కదానివి అంటే లొంగిన. పాతది మళ్ల అచ్చేస్తే గది పోతదా?" అన్నాడు.

తర్వాత చెయ్యి చాపి ఇంకో పెట్టె అందివ్వమన్నాడు. అందించాను.