ఉతకని జెండా

కాలేజీ బ్యాండులో జెండా ఊపే మార్లిస్‌కి ఆట మొదలైందంటే చిరాకే. బాస్కెట్‌బాల్‌లో పక్కూరి కాలేజీని ఓడించేదాకా జెండా ఉతక్కూడదని బ్యాండు ఆచారం, ఓడించి ఏళ్లయింది. పైగా ట్రాంబోన్ వాళ్లు ఊదడం ఆపగానే ఎంగిలి మూతులు దానికే తుడుచుకుంటారు. "జెండారా అది, మసిగుడ్డ కాదు! మీకు చొక్కాలు లేవూ?" అని కర్రతో అదిలించి, ముక్కు పక్కకి తిప్పుకుని మళ్లీ ఊపుతుంది.

మొన్న ఆట విరామంలో ఆ పక్కూరి బ్యాండువాళ్లు జెండా ఎత్తుకుపోయారు. మర్నాడు రిహార్సల్‌కి వచ్చి మరీ తిరిగిచ్చారు, శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి. "మీరెలాగూ గెలవరు కదక్కా, పాపమని మేమే ఉతికేశాం," అన్నారు. మార్లిస్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. కమ్మటి సబ్బు వాసన. ఒళ్లు మండిపోయింది.

"ఒరేయ్ ట్రాంబోనులూ, ఇలా తగలడండి!" అని జెండా వాళ్ల ముందు పరిచింది. "మూతులు తుడుచుకోండి!"