పేరు పలకకుండా భావనపాడులో నేస్తాన్ని వెతికిన రోజు

నా పేరు ఎర్రమ్మ. డెబ్బై ఏళ్లకు కాస్త అటూ ఇటూ. నందిగాం దగ్గర ఊళ్లో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటాను; జీడితోటే మా బతుకు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు దేవి రాస్తోంది. ముసలిదాన్ని ఒంటరిగా ఎందుకు పంపావని నా కొడుకును నిలదీసినవాళ్లందరికీ ఇదే నా జవాబు.

చిన్నప్పుడు ఒక వేసవిలో టెక్కలి బడిలో ఆడపిల్లలకు కొబ్బరిపీచు తాళ్లు పేనడం నేర్పే శిబిరం పెట్టారు. తిండీ పడకా అక్కడే. నా పక్క చాప మీద భావనపాడు నుంచి వచ్చిన చేపలవాళ్ల పిల్ల. ఎడమచేతి వాటం, దాని తాడు ఎదురు మెలి తిరిగేది. నేర్పే ఆవిడ ఎన్నిసార్లు విప్పించినా మానలేదు. ఆఖరి రోజున జాకెట్టు గుడ్డలు మార్చుకుని, ఒకే ఆకులో తిని, నేస్తం కట్టాం. అలా కట్టుకున్నవాళ్లు ఒకరి పేరు ఒకరు పలకకూడదు. మా ఇంట్లో అందరికీ తను నేస్తం మామ్మే. ఏటా వేసవిలో ఎండుచేపల బుట్టతో తనే వచ్చేది. తోట వదిలి నేను కదిలితేగా! అలాంటిది రెండు వేసవులు రాలేదు. ఉందో లేదో తెలియక నాకు ముద్ద దిగలేదు.

పొద్దున్నే బస్సులో టెక్కలి చేరి, భావనపాడు షేర్ ఆటో ఎక్కాను. నలభై అన్నాడు, ముప్పైకి దించాను.

"ఎవులింటికి మామ్మా?" అన్నాడు డ్రైవరు.

"నా నేస్తం ఇంటికి."

"పేరేటి?"

"నేస్తం పేరు పలక్కూడదురా."

"ఓలమ్మో! పేరు సెప్పకుండా ఇల్లెలా దొరుకుద్ది?"

"నువ్వు బండి తోలు. ఇల్లు నాను సూసుకుంతాను."

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లూ అదే అడిగారు. "పేరు సెప్పెయ్యి మామ్మా, దేవుడు సూడడులే," అంది ఒక చిన్నది.

"దేవుడు సూడకపోతే నాను సూడనేటే?" అన్నాను.

మాట గట్టిగానే అన్నాను గానీ ఎటు వెళ్లాలో తెలియలేదు. అక్కడే చేపల మీద పరదా కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డాను. చేతికి తెలిసింది. ఎదురు మెలి.

"ఈ తాడు ఎవులు పేనినారు?"

"మా అత్త," అంది అదే పిల్ల.

ఆ పిల్ల వెంట వాళ్లింటికి వెళ్లాను. నా నేస్తం అరుగు మీద కాళ్లు చాపుకుని పీచు పేనుతోంది.

"రెండేళ్లు రానేదేటే?" అని మీద పడ్డాను.

"మోకాళ్లు పడిపోనాయి నేస్తం. బస్సు మెట్టెక్కలేను."

"నోరు కూడా పడిపోనాదేటి? ఫోను సెయ్యలేవా?"

"ఎవులికి సెయ్యాలని మనవడు అడిగినాడు. నీ పేరెలా సెప్పీదే?"

ఇద్దరం నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాం. మధ్యాహ్నం ఒకే ఆకులో చేపల పులుసు తిన్నాం.

ఇక నుంచి ప్రతి వేసవీ నేనే వెళతాను. నా మోకాళ్లు ఇంకా నా మాట వింటున్నాయి. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పొద్దున్నే బయలుదేరండి. ఎండ ముదిరితే ఆటో నిండదు, నిండందే కదలదు.

వేలిముద్ర: ఎర్రమ్మ.
సాక్షులు: మనవరాలు దేవి, భావనపాడు పోలమ్మ. ఈ రెండో పేరు నేను చెప్పింది కాదు. తనే ఫోనులో దేవికి చెప్పింది. అంతసేపూ నేను చెవులు మూసుకునే ఉన్నాను.