దేవుని పిడికెడు

నేడు బియ్యం డబ్బా మూత తీయగానే అమ్మ గుర్తుకు వచ్చింది. నేస్తాలారా, మన అమ్మలు అన్నం వండే ముందు దేవుని పేర పిడికెడు బియ్యం తీసి, ఆదివారం చర్చికి ఇచ్చేవారు, జ్ఞాపకముందా? "మనం తినే బియ్యమే ఇవ్వాలి" అనేది అమ్మ.

హైటెక్ సిటీ కడుతున్న రోజుల్లో లింగంపల్లిలో ఒంటరిగా ఉండేదాన్ని. ఒక ఆదివారం పురుగు పట్టిన బియ్యం చర్చికి ఇచ్చాను. ఆ వారమే జ్వరంతో మంచం పట్టాను. కూలిపనికి వెళ్లే పొరుగింటి రూతమ్మ జావ తెచ్చింది.

"నాకెవరి సాయమూ వద్దు" అన్నాను.

"జర తాగున్రి టీచరమ్మా. చర్చిల మాకిచ్చిన బియ్యమే. ఎవలో పురుగులయి ఏసిన్రు గని, మంచిగ ఏరి కాసిన."

ఆ ఎవరో నేనే. తల దించుకొని తాగాను.

గిన్నె ఖాళీ కాగానే అడిగింది: "ఇంకింత పొయ్యనా అమ్మా?"