ఎరుపూ ఆకుపచ్చా అక్కర్లేని గ్రాఫు

శ్యామసుందర్‌కి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయని ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్పులోని సెక్టర్ 4 స్కూల్లో నాలుగో తరగతి చదువుతుండగా చిలకకి ఇటుకరంగు వేసి క్లాసంతటినీ నవ్వించాడు. అప్పుడు అతనికీ తెలియదు. ఇరవై రెండేళ్ళప్పుడు స్టీల్‌ప్లాంటులో లోకో ఇంజను నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష పాసై, కళ్ళ పరీక్షకి వెళ్ళాడు. డాక్టరు చుక్కల పుస్తకం తెరిచి, ఇందులో ఏ అంకె కనిపిస్తోందని హిందీలో అడిగాడు. పేజీలు తిప్పుతున్నాడు, అడుగుతున్నాడు. శ్యామసుందర్‌కి అన్నిట్లోనూ చుక్కలే కనిపించాయి.

అదే ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసే తండ్రి అప్పలకొండ ఆ రోజు స్కూటర్ మీద సెక్టర్ 2 క్వార్టరుకి తిరిగొస్తూ ఒక్కటే మాట అన్నాడు.

"ఎవులితోనీ సెప్పకురా. మార్కులు సాల్లేదని సెప్పు."

కొడుకు ఇరవై ఒక్క సంవత్సరాలు ఆ మాట మీదే ఉన్నాడు. పక్క ఊరు దుర్గ్ కాలేజీలో చదివిన లెక్కల డిగ్రీతో ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో చేరాడు. ఉక్కు దిమ్మల్ని ఎర్రగా కాల్చే ఫర్నేసు వేడిని రోజూ కంప్యూటర్లోకి ఎక్కించి, గ్రాఫు గీసి అందరికీ పంపడం అతని పని. మానేసి వెళ్ళిపోయిన ఒక ఇంజనీరు ఆ కంప్యూటర్లో గ్నూప్లాట్ అనే ప్రోగ్రాము వదిలివెళ్ళాడు. దానికి బొమ్మలూ బటన్లూ లేవు. నల్లటి తెర మీద ఏం కావాలో టైపు చేసి చెప్పాలి. గీత ఎంత మందం, అక్షరం ఎంత పెద్దది, కింద గంటలు ఎంత దూరందూరంగా పడాలి, అన్నీ మాటల్లోనే. శ్యామసుందర్‌కి అది వెంటనే నచ్చేసింది. హెల్ప్ అని కొట్టి, వచ్చింది చదువుతూ, రెండేళ్ళలో ఒక్కో ఆదేశమూ సొంతంగా నేర్చుకున్నాడు. ఫర్నేసులో దిమ్మల్ని వేడెక్కించే హీటింగ్ జోన్‌కి ఒక గ్రాఫు, ఆ వేడిని లోపలిదాకా పట్టించే సోకింగ్ జోన్‌కి ఒక గ్రాఫు, విడివిడిగా గీసేవాడు. కలిపి గీస్తే ఏ గీత ఏదో తనకి తెలియదని ఎవరికీ అనుమానం రాలేదు.

అలా ఉండగా హరినాథ్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. విశాఖలో ఇంజనీరింగ్ చదివినవాడు, మాట నెమ్మది, చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ. రెండు జోన్లూ ఒకే గ్రాఫులో ఉండాలన్నాడు. హీటింగ్ ఎరుపు, సోకింగ్ ఆకుపచ్చ. హెడ్డాఫీసు పద్ధతి అదే అన్నాడు. శ్యామసుందర్ రంగుల పేర్లు టైపు చేసి రోజూ గ్రాఫు పంపసాగాడు. పేరు టైపు చెయ్యడానికి రంగు కనిపించక్కర్లేదు కదా.

ఒక సోమవారం మీటింగులో ఆ గ్రాఫు ప్రొజెక్టరు నుంచి గోడ మీద పడింది. ఉదయం ఎనిమిది దగ్గర ఒక గీత దభాలున కిందికి దిగి ఉంది.

"శ్యామసుందర్ గారూ, పడిపోయింది ఏ జోన్?" అన్నాడు హరినాథ్.

గోడ మీద రెండు ఆవపిండి రంగు గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ ఉన్నాయి. శ్యామసుందర్ ఒక్క క్షణం చూసి, "హీటింగ్ సార్," అన్నాడు.

పక్కనున్న వాళ్ళు నవ్వారు. హరినాథ్ నవ్వలేదు. "సోకింగ్. గ్రాఫు గీసింది మీరే. చూసుకోకుండా పంపుతారా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కళ్ళజోడు మర్చిపోయానని అనొచ్చు. అలాంటి అబద్ధాలు అతని దగ్గర చాలానే ఉన్నాయి. ఆ ఉదయం ఎందుకో ఒక్కటీ నోటికి రాలేదు. వాటి మీద విసుగొచ్చింది.

"చూసుకున్నాను సార్. నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి. పుట్టుకతోనే."

హరినాథ్ గొంతు తగ్గించాడు. "ముందే చెప్పాల్సింది. సరే, స్టోర్సులో కూర్చోండి. గ్రాఫుల పని ఇంకెవరికైనా ఇద్దాం."

"వద్దు సార్. గ్రాఫు మారుద్దాం."

"మీ ఒక్కరి కోసమా?"

"వారం రోజులు టైమివ్వండి," అని శ్యామసుందర్ కూర్చున్నాడు.

తండ్రి రిటైరయ్యాక మారిన కోహ్కాలోని ఇంటికొచ్చి జరిగింది చెప్తే, అప్పలకొండ తింటున్న కంచం పక్కకి జరిపేశాడు. "ఎందుకు సెప్పీసినావురా. ఇన్నేళ్ళు దాసుకున్నాం."

"దాచుకోడానికి అదేటి దొంగతనమేటి నాన్నా? గ్రాఫు సరిగ్గా లేదు. దాన్ని బాగుచేస్తాను."

భార్య రజనీకుమారి మామగారి కంచం మళ్ళీ ముందుకి జరిపింది. "మీరు తినండి మావయ్యా. నిన్న ఈయన పచ్చి టమాటాలు తెస్తే నేనేటైనా అన్నానా? పచ్చడి చేసీసినాను."

మర్నాటి నుంచి శ్యామసుందర్ నల్లతెర ముందు కూర్చున్నాడు. హీటింగ్ గీతని లావుగా, ఎక్కడా తెగకుండా గీయించాడు. సోకింగ్ గీతని తెగుతూ తెగుతూ పోయేలా చేశాడు. గంటగంటకీ ఒకదాని మీద నిండు చదరం, ఇంకోదాని మీద ఖాళీ వృత్తం పెట్టాడు. ఏ గీత ఏదో చెప్పే పెట్టె మూల ఉండేది. దాన్ని తీసేసి, గీత ఎక్కడ ఆగిందో అక్కడే దాని పేరు రాయించాడు. రంగులు కూడా వేశాడు, ఒకటి నీలం, ఒకటి నారింజ. అవి అతనికి చక్కగా విడివిడిగా కనిపిస్తాయి.

హరినాథ్ చూసి, "బాగుంది గానీ పాతదే పంపండి," అన్నాడు. మర్నాడు శ్యామసుందర్ కొత్తదే పంపాడు. హరినాథ్ పిలిచి మళ్ళీ చెప్పాడు. ఆ మర్నాడూ కొత్తదే వెళ్ళింది.

నాలుగో రోజు, పాత గ్రాఫుతో కింద వాళ్ళు తికమక పడుతున్నారని ఎవరో అంటుంటే చెవిన పడి, ఈ గ్రాఫుల్ని ఫర్నేసు దగ్గర ఎలా వాడుతున్నారో చూద్దామని కిందికి వెళ్ళాడు. కంట్రోల్ రూము గోడకి కాగితాలు అంటించి ఉన్నాయి. ఆఫీసు ప్రింటర్లో నలుపు తప్ప వేరే రంగు లేదు. సోమవారం నాటి గ్రాఫులో రెండు గీతలూ ఒకే బూడిదరంగులో ఉన్నాయి.

"రాజాబాబు భయ్యా, దీన్లో హీటింగ్ ఏది?" అని ఫోర్‌మన్‌ని అడిగాడు.

రాజాబాబు మెడలోని గమ్చా తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అది అడక్కు భయ్యా. పైనున్నది హీటింగ్ అనుకుంటాం. రెండూ దాటుకున్నకాడ అందాజాగా చూస్తాం. నిన్నటిది మాత్రం బాగుంది. పేరు గీత మీదే ఉంది."

"ఎన్నాళ్ళనుంచి అందాజాగా చూస్తన్నారు?"

"మీ కొత్త సాబ్ వచ్చినకాడ్నుంచి. మూడు షిఫ్టులూ అంతే."

శ్యామసుందర్ గోడ మీంచి సోమవారం కాగితాన్నీ నిన్నటి కాగితాన్నీ ఊడదీశాడు. "నాతో రా భయ్యా. ఈ మాట నువ్వే చెప్పు."

ఇద్దరూ హరినాథ్ బల్ల ముందు నిలబడ్డారు. శ్యామసుందర్ పాత కాగితం అతని ముందు పెట్టాడు.

"దీంట్లో హీటింగ్ ఏది సార్?"

హరినాథ్ కాగితాన్ని దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. "ఇది ప్రింటు. స్క్రీన్ మీదైతే..."

"ఫర్నేసుకాడ స్క్రీన్ లేదు సాబ్," అన్నాడు రాజాబాబు.

"మీరు ఒక్కరి కోసమా అన్నారు సార్. మూడు షిఫ్టుల వాళ్ళూ నాలాగే చూస్తున్నారు," అని శ్యామసుందర్ కొత్త కాగితం దాని పక్కన పెట్టాడు.

హరినాథ్ రెండింటినీ మార్చి మార్చి చూశాడు. మొండివాడే గానీ కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనేవాడు కాదు. "సరే. కిందికి మీదే వెళ్ళనివ్వండి. హెడ్డాఫీసుకి మాత్రం వాళ్ళ రంగుల్లోనే కావాలి. రెండూ మీరే చెయ్యండి."

"చెయ్యను సార్."

రాజాబాబు తల తిప్పి చూశాడు.

"నేను చదవలేని గ్రాఫు నేను పంపను. అందులో తప్పుంటే నాకు కనిపించదు. మీటింగులో మళ్ళీ నన్నే నిలబెడతారు. స్టోర్సుకి పంపిస్తానంటే ఆర్డరు రాసివ్వండి. అందులో కారణం కూడా రాయండి."

హరినాథ్ ఆర్డరు రాయలేదు. రాజాబాబు మెట్లు దిగుతూ, "దాదాగిరీ చేసేశావు భయ్యా," అని భుజం తట్టాడు. శ్యామసుందర్ తన సీటుకి వెళ్ళాడు.

ఆ తర్వాత ఏడు నెలలైంది. ఫర్నేసు దగ్గర అతని గ్రాఫే ఉంటోంది. పక్క షెడ్డు వాళ్ళు కూడా అలాంటిదే అడిగితే గీసిచ్చాడు. హెడ్డాఫీసు ఎరుపూ ఆకుపచ్చా మాత్రం వదల్లేదు. ఆ ఒక్క గ్రాఫూ హరినాథ్ తనే గీసుకుంటున్నాడు. నల్లతెర అతనికి ఇంకా కుదరలేదు. ఎక్కడో కామా మర్చిపోతాడు, గ్రాఫు బదులు తప్పు చూపించే వరస వస్తుంది. అప్పుడు శ్యామసుందర్‌ని పిలుస్తాడు.

శ్యామసుందర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాడు. ఏ వరసలో ఏం తప్పుందో ఓపిగ్గా చెప్తాడు, ఎన్నిసార్లడిగినా చెప్తాడు. కీబోర్డు మాత్రం ముట్టుకోడు.